స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్: విశాఖ ఉప్పుగాలిలో గురి నిలవాలంటే

బ్యారెల్ (గొట్టం) మడిచి పెల్లెట్ (చిన్న సీసం గుండు) పెట్టే ఎయిర్ రైఫిల్ చేతికొచ్చిన వారంలోనే చాలామంది ఒకటే అడుగుతారు: ఇంకా గట్టి స్ప్రింగ్ వేయించొచ్చా? వద్దు. పది మీటర్ల దూరంలో అయిదు పెల్లెట్లూ ఒకే చిల్లును పెద్దది చేసుకుంటూ పోవాలంటే బలం పెరగనక్కర్లేదు. ప్రతిసారీ గాలి ఒకే ఒత్తిడిలో రావాలి, బ్యారెల్ మూసినప్పుడల్లా ఒకేచోట కూర్చోవాలి, మీ చేతులు ఒకేలా పట్టుకోవాలి. ఈ మూడింట్లో ఏది తప్పినా కాగితం మీద తెలిసిపోతుంది. కింద చెప్పే మార్పులన్నీ ఈ మూడింటి కోసమే.

లైసెన్సు మాట ముందే తేల్చుకోవాలి. ఆర్మ్స్ రూల్స్ 2016 ప్రకారం బోరు, అంటే బ్యారెల్ లోపలి రంధ్రం వ్యాసం, 0.177 అంగుళం, అంటే 4.5 మి.మీ. మించకుండా, బ్యారెల్ కొస దగ్గర శక్తి 20 జౌల్స్ దాటకుండా ఉన్న ఎయిర్ రైఫిల్‌కే లైసెన్సు అక్కర్లేదు. లెక్క సులువు. పెల్లెట్ బరువు కిలోల్లో, వేగం సెకనుకు మీటర్లలో తీసుకుని, బరువును వేగం వర్గంతో గుణించి సగం చేయాలి. అర గ్రాము పెల్లెట్ సెకనుకు 200 మీటర్ల వేగంతో వెళ్తే 10 జౌల్స్. అదే పెల్లెట్ 283 మీటర్ల వేగం అందుకుంటే 20 జౌల్స్ అయిపోయినట్టే. గట్టి స్ప్రింగ్ వేసి ఆ గీత దాటించారంటే మీ దగ్గరున్నది ఇక బొమ్మ తుపాకీ కాదు, లైసెన్సు లేని ఆయుధం. కొన్న బిల్లు జాగ్రత్తగా దాచుకోండి. బయటికి తీసుకెళ్తే పెల్లెట్ లేకుండా, కాక్ చేయకుండా (స్ప్రింగ్ బిగించకుండా), కవర్లో పెట్టి తీసుకెళ్ళండి. పిట్టల మీద, కోతుల మీద, వీధికుక్కల మీద పేల్చడం నేరం. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1960 జంతుహింస నిరోధక చట్టం ఉన్నది అందుకే. ఈ వ్యాసం కాగితం మీద గురి పెట్టేవాళ్ళ కోసం.

లోపల ఏం జరుగుతుంది

బ్యారెల్ కిందికి వంచినప్పుడు దానికి తగిలించిన కడ్డీ పిస్టన్‌ను వెనక్కి తోస్తుంది. స్ప్రింగ్ నొక్కుకుపోయి, పిస్టన్ వెనక కొస సియర్ అనే కొక్కేనికి తగులుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కితే కొక్కెం వదిలేస్తుంది. స్ప్రింగ్ పిస్టన్‌ను ముందుకు విసురుతుంది, పిస్టన్ ముందున్న గాలి చిన్న రంధ్రంలోంచి దూరి పెల్లెట్ వెనక చేరి దాన్ని తోస్తుంది. సైకిల్ పంపు ఎలా పనిచేస్తుందో ఇదీ అలాగే, కాకపోతే ఇక్కడ పంపు కొట్టేది స్ప్రింగ్.

ఇందులో రెండు సంగతులు మనసులో పెట్టుకోవాలి. ఒకటి, గాలి వెళ్ళే దారిలో బ్యారెల్‌కూ సిలిండర్‌కూ మధ్య ఒక అతుకు ఉంది. అక్కడ కారితే వేగం ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది. బ్రీచ్, అంటే బ్యారెల్ వెనక కొస, నుంచి నింపే తుపాకులన్నిటికీ ఇది పుట్టుకతో వచ్చిన జబ్బే. 1848లో అమెరికాలో పేటెంటు పొందిన షార్ప్స్ రైఫిల్‌లో కూడా బ్రీచ్ అతుకు దగ్గర వేడి గ్యాసు తన్నుకొచ్చేది. దాన్ని కట్టడి చేయడానికి లోహపు రింగులతో ఏళ్ళ తరబడి ప్రయత్నాలు చేశారు. ఇప్పటికీ ఆ నమూనాలో తయారయ్యే రైఫిళ్ళను కొన్నవాళ్ళు ముందుగా చూసుకునేది ఆ అతుకునే. మన ఎయిర్ రైఫిల్‌లో మంట లేదు, గాలే ఉంది. అందుకే ఒక చిన్న రబ్బరు రింగుతో పని జరిగిపోతుంది.

రెండోది, ఇది రెండు దిక్కులా తన్నే తుపాకీ. పిస్టన్ ముందుకు దూకుతుంటే రైఫిల్ వెనక్కి జరుగుతుంది. పిస్టన్ చివర ఆగగానే రైఫిల్ ముందుకు ఊగుతుంది. ఈ కుదుపులో చాలా భాగం పెల్లెట్ ఇంకా బ్యారెల్ దాటకముందే జరిగిపోతుంది. అందుకే దీన్ని మందు తుపాకీలా భుజానికేసి గట్టిగా అదిమితే గురి పోతుంది.

ఈ పనులు ఎప్పుడూ చేయకండి

బ్యారెల్ తెరిచి ఉండగా ట్రిగ్గర్ తాకకూడదు. కొక్కెం వదిలేస్తే బ్యారెల్ కత్తెర మూసుకున్నట్టు పైకి లేస్తుంది. వేళ్ళు తెగే ప్రమాదం ఉంది, బ్యారెల్ కూడా పైకి వంగిపోతుంది. పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చేత్తో బ్యారెల్‌ను గట్టిగా పట్టుకునే ఉంచాలి. ట్రిగ్గర్ గార్డులో వేలు ఉండకూడదు.

పెల్లెట్ లేకుండా ఉత్తినే పేల్చకండి. ముందు పెల్లెట్ అడ్డు ఉంటేనే గాలి ఒత్తిడి పెరిగి పిస్టన్‌కు దిండులా పనిచేస్తుంది. అది లేకపోతే పిస్టన్ నేరుగా సిలిండర్ గోడను గుద్దుకుంటుంది. పిస్టన్ ముందు గాలి కారకుండా ఆపే సీలు పగులుతుంది, స్ప్రింగ్ విరుగుతుంది. కాక్ చేసి గంటల తరబడి వదిలేయడం కూడా మంచిది కాదు. స్ప్రింగ్ నీరసిస్తుంది. అంతకంటే ముఖ్యంగా, ఇంట్లో మరొకరు వచ్చి దాన్ని ముట్టుకోవచ్చు.

పెల్లెట్లు సీసంతో చేసినవి. కొందరు నాలుగు గింజలు పెదవుల మధ్య పెట్టుకుని ఒక్కొక్కటీ తీస్తారు. ఆ అలవాటు ఈరోజే మానాలి. పేల్చడం అయ్యాక సబ్బుతో చేతులు కడిగాకే టీ తాగండి.

ఎక్కడ పేల్చాలి

పోటీల్లో దూరం 10 మీటర్లు, అంటే సుమారు 33 అడుగులు. టార్గెట్ మధ్య భాగం నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో ఉంటుంది. నల్లటి వృత్తం అడ్డంగా 30.5 మి.మీ., అందులో పదో పాయింటు అర మిల్లీమీటరు చుక్క. ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో అపార్టుమెంటులో ఉండేవాళ్ళకు 33 అడుగులు ఒక్క గదిలో దొరకదు. హాల్లోంచి నడవా గుండా చివరి గది దాకా గీత గీసుకోవచ్చు. కానీ ఆ గీతను దాటే ప్రతి తలుపుకూ లోపలి నుంచి గడియ పడాలి. డాబా మీద వద్దే వద్దు. పిట్టగోడ దాటిన పెల్లెట్ వందల మీటర్లు పోతుంది. పైగా మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి మొదలై కాగితం ఊగుతుంది, మీ చొక్కా ఊగుతుంది, రైఫిల్ కూడా ఊగుతుంది.

పెల్లెట్ ఆగేందుకు పెట్టె తప్పనిసరి. 18 మి.మీ. ప్లైవుడ్‌తో అడుగు చదరం ముఖం, అడుగు లోతు ఉన్న పెట్టె చేయించండి. లోపల 3 మి.మీ. మందం ఇనుప రేకును పై అంచు ముందుకు వచ్చేలా 45 డిగ్రీల వాలులో బిగించండి. తగిలిన పెల్లెట్ కిందికి మళ్ళాలి. అడుగున రెండంగుళాల ఇసుక పోయండి. రేకు ముందు పాత జీన్స్ గుడ్డ రెండు పొరలు వేలాడదీస్తే చప్పుడు తగ్గుతుంది, సీసం తునకలు బయటికి చిమ్మవు. సిమెంటు గోడ, ఇటుక గోడ, నిలువుగా నిలబెట్టిన రేకు మీద పేలిస్తే పెల్లెట్ తిరిగి మీ వైపే వస్తుంది. కళ్ళద్దాలు పేల్చేవాళ్ళకే కాదు, పక్కన నిలబడ్డవాళ్ళకూ ఉండాలి. గుడ్డ చిల్లులు పడి పలచబడ్డాక మార్చండి.

విప్పకముందు చూడాల్సినవి

గురి చెదిరిందని లోపల విప్పేయకండి. పది రైఫిళ్ళలో ఎనిమిదింటికి జబ్బు బయటే ఉంటుంది.

మొదట మరలు. కుందాను (రైఫిల్‌ను పట్టుకునే చెక్క లేదా ప్లాస్టిక్ భాగాన్ని) పట్టి ఉంచేవి సాధారణంగా మూడు నాలుగు స్క్రూలు. ముందు కుందాకు ఇరుపక్కలా రెండు, ట్రిగ్గర్ గార్డు దగ్గర ఒకటో రెండో. స్ప్రింగ్ అదురుకు యాభై షాట్లకే వదులవుతాయి. ఒక స్క్రూ పావు చుట్టు వదులైనా గ్రూప్, అంటే కాగితం మీద చిల్లులు పడిన మేర, పెద్దదవుతుంది. వాటిని తీసి, మరల మీది నూనె స్పిరిట్‌తో తుడిచి, నీలం రంగు త్రెడ్ లాకర్ (మరలు వదులవకుండా పట్టే జిగురు) ఒక్క చుక్క వేసి బిగించండి. ఎర్ర రంగుది వాడకండి, మళ్ళీ తీయాలంటే వేడి చేయాల్సి వస్తుంది. స్క్రూడ్రైవర్ మొన గాడిలో నిండుగా కూర్చోవాలి. చెక్క కుందా అయితే తల కింద వాషర్ ఉండాలి, లేకపోతే చెక్క నలిగి మళ్ళీ వదులవుతుంది. వానాకాలంలో చెక్క ఉబ్బుతుంది, ఎండాకాలం కుంచించుకుపోతుంది. జూన్‌లో ఒకసారి, జనవరిలో ఒకసారి తప్పకుండా చూసుకోండి.

తర్వాత బ్యారెల్ కీలు. పెల్లెట్ లేకుండా, కాక్ చేయకుండా బ్యారెల్ మూసి, దాని కొసను పట్టుకుని కుడిఎడమలకు ఊపండి. టిక్కుమన్న చప్పుడు ఏ కొంచెం వచ్చినా కీలు బోల్టు వదులైనట్టే. ఇంకో పరీక్ష ఉంది. రైఫిల్ కాక్ చేశాక బ్యారెల్ మీద స్ప్రింగ్ ఒత్తిడి ఉండదు. బట్‌ను (కుందా వెనక కొసను) తొడకు ఆనించి, బ్యారెల్‌ను చేత్తోనే నెమ్మదిగా ఏ కోణంలో ఆపితే ఆ కోణంలో నిలవాలి. దాని బరువుకు అదే పడిపోతే బిగించాలి, కదలడానికి మొరాయిస్తే వదులు చేయాలి. ఈ పరీక్షలో చేయి బ్యారెల్‌ను ఎప్పుడూ వదలకూడదు, ట్రిగ్గర్ దగ్గరకు వేలు పోకూడదు. బోల్టు బదులు మేకులాంటి పిన్ కొట్టిన చవక రైఫిళ్ళలో బిగించడానికి ఏమీ ఉండదు. కీలుకు ఇరుపక్కలా ఉన్న పలచటి వాషర్లను మందమైనవాటితో మార్చాలి. గాజువాక ఆటోనగర్‌లో లేత్ పనివాళ్ళకు పాత వాషర్ చూపిస్తే 0.1 మి.మీ. ఎక్కువ మందంతో చేసిస్తారు. వెర్నియర్‌తో కొలిచి మరీ చెప్పండి. "కొంచెం లావుగా" అంటే ఎవరి కొంచెం వాళ్ళది.

అసలు ముఖ్యమైనది బ్రీచ్ సీలు. బ్యారెల్ వెనక ముఖం మీదో, సిలిండర్ ముందు ముఖం మీదో గాడిలో కూర్చునే రింగు ఇది. కారుతోందో లేదో తెలుసుకోవడానికి టిష్యూ కాగితం చాలు. అతుకు మీద, పక్కల, సన్నటి పేలికలు ఆనించి, పెల్లెట్ పెట్టి, పెట్టె వైపు పేల్చండి. పేలిక ఎగిరితే ఆ పక్క గాలి కారుతోంది. మొహం దగ్గర గాలి తగిలినట్టు అనిపించినా, షాట్ చప్పుడు మందంగా వినిపించినా అనుమానించాల్సింది దీన్నే.

రింగును సూదితో లేపి తీయండి. గాడి అంచులు గీసుకుపోకుండా చూసుకోండి. రింగు పైభాగం చదునుగా అరిగి ఉంటే మార్చాలి. బాగానే ఉన్నా గాడిలోంచి పైకి తేలకపోతే దాని కింద ఎత్తు పెంచే పలచటి షిమ్ (పలక ముక్క) వేయాలి. రింగు చుట్టుపక్కల లోహం కంటే 0.15 నుంచి 0.25 మి.మీ. పైకి ఉండాలి. తక్కువైతే గాలి కారుతుంది. ఎక్కువైతే బ్యారెల్ పూర్తిగా మూసుకోదు, తాళం బిగుసుకోదు, ప్రతిసారీ ఎత్తు మారుతుంది. కాగితం మీద గ్రూప్ నిలువుగా సాగిపోతే ఇదీ ఒక కారణం. షిమ్‌కు పాలకవర్ల ప్లాస్టిక్ పనికిరాదు, నలిగిపోతుంది. పాత ఎక్స్‌రే ఫిల్ము ముక్క బాగా పనిచేస్తుంది. రెండు సైజుల పంచ్‌లతో లోపలి వలయం, బయటి వలయం కోసుకోండి. రింగు కొనేటప్పుడు పాతదాన్ని వెంట తీసుకెళ్ళి లోపలి వ్యాసం, తీగ మందం రెండూ పోల్చి చూడండి. హైడ్రాలిక్ సరుకు అమ్మే దుకాణాల్లో దొరికే నైట్రైల్ రింగు సరిపోతుంది.

పెల్లెట్ ఎంపిక

దీని మీద పెట్టే డబ్బుకు దక్కే ఫలితం మరే మార్పుకూ దక్కదు. కాగితం మీద పేల్చడానికి బల్లపరుపు తల ఉన్నవి తీసుకోండి. చిల్లు గుండ్రంగా, అంచు తెగి కనపడుతుంది, పాయింటు లెక్కించడం తేలిక. 20 మీటర్లు దాటితే గుండ్రటి తలవి మేలు. సూది మొనవి చూడటానికి భయంకరంగా ఉంటాయి గానీ గురికి మాత్రం చాలావరకు వెనకబడతాయి, ఎందుకంటే మొన సరిగ్గా మధ్యలో పోత పడటం కష్టం.

డబ్బా మీద 4.49, 4.50, 4.51, 4.52 అని తల వ్యాసం రాసి ఉంటుంది. మీ బ్యారెల్‌కు ఏది నప్పుతుందో పేల్చి చూస్తేనే తెలుస్తుంది. నాలుగు రకాలు తెచ్చుకోండి. రకం మార్చినప్పుడల్లా ముందు పది షాట్లు లెక్కలోకి తీసుకోకండి. ఆ తర్వాత అయిదేసి షాట్ల గ్రూపులు మూడు పేల్చండి. ఒక్క మంచి గ్రూప్ చూసి మురిసిపోకండి, మూడింటి సగటు చూడండి. నప్పిన పెల్లెట్‌ను బొటనవేలితో నొక్కితే కొంచెం బిగువుగా లోపలికి వెళ్ళి, అంచు బ్యారెల్ ముఖంతో సమంగా నిలుస్తుంది. జారి లోపల పడితే వదులు. చొప్పించడానికి గోరు విరిగేంత బలం కావాలంటే బిగుతు. ప్రతి పెల్లెట్ పాదం అంచు చూడండి. నొక్కుకుపోయినవి పక్కన పెట్టేయండి. నగలు తూచే 0.01 గ్రాముల త్రాసు ఉంటే ఒక డబ్బా తూచి చూడండి. చవక డబ్బాల్లో 0.48 నుంచి 0.55 గ్రాముల దాకా తేడా కనపడటం మామూలే. ఆ తేడాతో గురి కుదరదు.

పట్టు

ముందు చెయ్యి తెరిచి, అరచేతిలో కుందా ఊరికే కూర్చోవాలి. వేళ్ళతో బిగించకూడదు. అరచెయ్యి ఎక్కడ ఉంటే బాగా కుదిరిందో ఆ చోట సన్నటి టేపు అంటించి ప్రతిసారీ అక్కడే పెట్టండి. బట్ భుజానికి తాకితే చాలు, అదమొద్దు. చెంప కూడా అంతే. రైఫిల్ తనంతట తాను రెండు దిక్కులా ఊగడానికి వదిలేయాలి. ప్రతిసారీ ఒకేలా ఊగితే పెల్లెట్లు ఒకేచోట పడతాయి. ఇసుక మూట మీద బ్యారెల్ ఆనించి పేలిస్తే పైకి ఎగురుతుంది. మూట మీద చెయ్యి, చెయ్యి మీద కుందా, ఇదీ వరస.

ట్రిగ్గర్ నొక్కాక లెక్కకు రెండు అంకెలు అనుకునేదాకా తల ఎత్తొద్దు. చిల్లు ఎక్కడ పడిందో చూద్దామనే ఆత్రం పాయింట్లు తినేస్తుంది. బీజింగ్ 2008లో అభినవ్ బింద్రా బంగారు పతకం, లండన్ 2012లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ 10 మీటర్ల పోటీలోనే. వాళ్ళవి కుదుపు లేని గాలి సిలిండర్ రైఫిళ్ళు. స్ప్రింగ్ రైఫిల్ మీద పట్టు నేర్చుకున్న చేతికి అవి ఎంతో తేలికగా అనిపిస్తాయి.

గురి సర్దడం

వెనక సైటును ఎటు జరిపితే చిల్లు అటు జరుగుతుంది. ముందు సైటు విషయంలో అది తలకిందులు. ఎంత జరపాలో చీకట్లో తడుముకోనక్కర్లేదు. రెండు సైటుల మధ్య దూరం కొలవండి. 450 మి.మీ. ఉందనుకుంటే, 10 మీటర్ల దగ్గర వెనక సైటు 0.1 మి.మీ. కదిపితే చిల్లు 2.2 మి.మీ. కదులుతుంది. 10,000ను 450తో భాగిస్తే వచ్చే 22 రెట్లు అన్నమాట. వెనక సైటు పూర్తిగా పైకెత్తినా ఇంకా 20 మి.మీ. కిందే పడుతుంటే ముందు సైటు మొనను 0.9 మి.మీ. అరగదీయాలి. అయితే ఒక్కసారే అంతా అరగదీయకండి. సన్న ఆకురాయితో సగం తీసి, పేల్చి చూసి, మిగతాది తీయండి. అరిగిన లోహం తిరిగి రాదు.

టెలిస్కోపు బిగించాలంటే స్ప్రింగ్ రైఫిళ్ళకు తట్టుకుంటుందని రాసి ఉన్నదే కొనండి. మందు తుపాకుల కోసం చేసినవి వెనక్కి తన్నే కుదుపునే తట్టుకుంటాయి. ముందుకు ఊగే ఈ రెండో కుదుపు వాటి లోపలి గాజును కదిలించేస్తుంది. దాన్ని పట్టి ఉంచే మౌంటు వెనక ఆపు పిన్ లేకపోతే మొత్తం రైఫిల్ పైనుండే పట్టా మీద వెనక్కి పాకుతుంది. కాగితం పోటీలే లక్ష్యమైతే చిన్న రంధ్రంలోంచి చూసే పీప్ సైటు మేలు. పట్టా గాడి 11 మి.మీ. ఉందో లేదో ముందు కొలవండి.

లోపల విప్పాల్సి వస్తే

షాట్ తర్వాత తంబురా తీగ మీటినట్టు మోత వస్తున్నా, స్ప్రింగ్ గరగరమంటున్నా, సీలు మార్చినా వేగం చెదురుతున్నా అప్పుడు విప్పండి. వేగం కొలవడానికి క్రోనోగ్రాఫ్ ఉంటే పది షాట్లు కొట్టండి. ఎక్కువ తక్కువల తేడా సెకనుకు 3, 4 మీటర్లలోపుంటే లోపల జోలికి పోనక్కర్లేదు. 10 దాటితే పిస్టన్ సీలు చూడాలి.

బలమైన స్ప్రింగ్ ఎప్పుడూ కొంత నొక్కుకునే ఉంటుంది, కాక్ చేయకపోయినా సరే. వెనక మూత వదిలించగానే రెండు అంగుళాలకు పైనే ఎగిరి వస్తుంది, మొహానికి తగిలితే దంతాలు పోతాయి. వడ్రంగి వాడే పొడవాటి క్లాంపుతో మూతను నొక్కి పట్టి, పిన్నులు కొట్టి తీశాక, క్లాంపును చుట్టు చుట్టుగా వదలండి. ప్రతి దశలో ఫోనుతో ఫోటో తీసుకోండి. ఏ పిన్ ఏ వైపు నుంచి వచ్చిందో గుర్తుండదు.

స్ప్రింగ్ బయటికి వచ్చాక అద్దం మీద దొర్లించండి. ఎగుడుదిగుడుగా దొర్లితే వంగిపోయింది, మార్చాలి. రెండు కొసలూ బల్లపరుపుగా లేకపోతే వాటర్ పేపర్ మీద రుద్ది నునుపు చేయండి. మోతకు మూలం మధ్యలో ఉన్న కడ్డీకీ స్ప్రింగ్‌కూ మధ్య ఖాళీ. ఆటోనగర్‌లో నైలాన్ లేదా డెల్రిన్ (గట్టి ప్లాస్టిక్) కడ్డీ లేత్ పట్టించుకోండి. వ్యాసం స్ప్రింగ్ లోపలి వ్యాసానికి సమానంగా ఉండాలి, స్ప్రింగ్ కొంచెం బిగువుగా ఎక్కాలి. పిస్టన్ లోపలి గోడకూ స్ప్రింగ్ బయటికీ మధ్య ఖాళీ ఉంటే శీతల పానీయం సీసా ప్లాస్టిక్‌ను చుట్టగా చుట్టి పిస్టన్ లోపల దూర్చండి. ఆ ప్లాస్టిక్ సుమారు 0.3 మి.మీ. మందం ఉంటుంది, ఖాళీ ఎంతుందో కొలిచాకే పొరలు వేయండి. ఈ రెండు పనులకయ్యే ఖర్చు ఒక డబ్బా పెల్లెట్ల ధర దాటదు. కానీ రైఫిల్ వేరే రైఫిల్‌లా వినిపిస్తుంది.

సిలిండర్ గాడుల అంచులు వేలితో తడిమి చూడండి. గరుకుగా తగిలితే అవే కొత్త సీలును చెక్కేసేది. సన్న ఆకురాయి, తర్వాత 600 నంబర్ వాటర్ పేపర్‌తో మొద్దు చేసి, లోహపు పొడి మిగలకుండా స్పిరిట్ గుడ్డతో తుడవండి. కొత్త సీలు దూర్చేటప్పుడు గాడిని ప్లాస్టిక్ పట్టీతో కప్పి, దాని మీదుగా జార్చండి. స్ప్రింగ్ లేకుండా పిస్టన్ ఒక్కటే తోసి చూడాలి. ముందు రంధ్రాన్ని వేలితో మూసి తోస్తే దిండును నొక్కినట్టు వెనక్కి తన్నాలి. తన్నకపోతే సీలు వదులు. అసలే కదలకపోతే బిగుతు, అంచును వాటర్ పేపర్‌తో కొంచెం తీయాలి.

నూనె విషయంలో చాలామంది తప్పుతారు. పిస్టన్ ముందు గదిలో గాలి ఒక్కసారిగా నొక్కుకుని విపరీతంగా వేడెక్కుతుంది. అక్కడ మిషను నూనె, కిరోసిన్, కొబ్బరినూనె ఏదున్నా డీజిల్ ఇంజన్‌లోలా అంటుకుంటుంది. కొత్త రైఫిల్ మొదటి వంద షాట్లలో సన్నటి పొగ రావడం మామూలే. పటాసులా పేలితే మాత్రం ఆపేయండి, స్ప్రింగ్ విరిగే దెబ్బ అది. పిస్టన్ పక్కలకు, కడ్డీ రాసుకునే చోట్లకు మాలిబ్డినం పేస్టు నఖమంత రాయండి. స్ప్రింగ్‌కు జిగట గ్రీజు పలచగా. ముందు గదిలో ఏదీ వద్దు. తోలు వాషర్ సీలు ఉన్న పాత రకం అయితే దాని సంగతి వేరు. ఎండితే గాలి పట్టదు. సైకిల్ పంపు వాషర్‌లాగే ఒక రాత్రి పలచటి మిషను నూనెలో నానబెట్టి, గుడ్డలో పెట్టి బాగా పిండి, అప్పుడు ఎక్కించండి. కొబ్బరినూనె తోలుకు కూడా వద్దు. 24 డిగ్రీల కింద గడ్డకట్టేది కాస్తా పాతబడితే జిగురైపోతుంది.

ట్రిగ్గర్ తేలిక చేయాలని సియర్ కొక్కేన్ని అరగదీయకండి. దాని గట్టిదనం పైపొరలోనే ఉంటుంది. ఆ పొర పోయాక మెత్తటి ఇనుము వారాల్లో అరిగి, తాకకుండానే జారుతుంది. అది జారేది బ్యారెల్ తెరిచి పెల్లెట్ పెడుతున్నప్పుడైతే వేళ్ళు పోతాయి. తయారీదారు ఇచ్చిన స్క్రూ ఉంటే దానితోనే సర్దండి, పిన్నులు మాలిబ్డినంతో తడపండి, అంతవరకే. స్క్రూ తిప్పిన ప్రతిసారీ పెల్లెట్ పెట్టి, పెట్టె వైపు గురి ఉంచి, బట్‌ను రబ్బరు సుత్తితో నాలుగైదుసార్లు తట్టండి. పేలితే స్క్రూ వెనక్కి తిప్పాలి.

తుప్పు

విశాఖలో రైఫిల్‌ను చంపేది పేల్చడం కాదు, బీరువా. బీచ్ రోడ్డుకు దగ్గరి ఇళ్ళలో కిటికీ ఊచలు ఎలా పొక్కులు లేస్తాయో బ్యారెల్ మీది నీలిపూత కూడా అలాగే లేస్తుంది, కాకపోతే ముందు చెమట చేతుల ముద్రలు పడిన చోట. పేల్చడం కాగానే లోహమంతా పొడిగుడ్డతో తుడిచి, తర్వాత నూనె గుడ్డతో ఒకసారి నిమరండి. నూనె కారేలా పోస్తే కుందాలోకి దిగి చెక్కను కుళ్ళబెడుతుంది.

స్పాంజి ఉన్న కేసులో దాచకండి. స్పాంజి తేమను పీల్చి లోహానికి ఆనించి పట్టుకుంటుంది. ఆగస్టు నుంచి నవంబరు దాకా అలా ఉంచితే స్పాంజి తాకిన చోట ఎర్రటి అచ్చులు పడతాయి. తాళం ఉన్న బీరువాలో, గోడకు తగలకుండా, పలచటి నూలు సంచిలో నిలబెట్టండి. పక్కన అరకిలో సిలికా జెల్ ఉన్న డబ్బా పెట్టండి, మూతకు చిల్లులు పొడిచి. రంగు మారే రకం అయితే నారింజ రంగు పోయి ఆకుపచ్చగా మారగానే 120 డిగ్రీల ఓవెన్‌లో రెండు గంటలు ఆరబెడితే మళ్ళీ పనికొస్తుంది. పెల్లెట్లకూ తేమ పడదు. తెల్లటి బూజులా పొడి పట్టినవి ఊపిరితిత్తుల్లోకి వెళ్ళకుండా తీసి పారేయాలి, బ్యారెల్‌లో పెట్టొద్దు.

బ్యారెల్ లోపల ఎక్కువగా తోమొద్దు. సీసం పలచటి పూత ఉంటేనే గురి నిలకడగా ఉంటుంది. అయిదు వందల షాట్లకు ఒకసారి, లేదా గ్రూప్ తనంతట తాను పెద్దదయినప్పుడు చాలు. ఉక్కు కడ్డీలు, ఇత్తడి బ్రష్షులు వద్దు. ఫిషింగ్ హార్బర్ దగ్గర గాలం సామాను అమ్మే చోట 1 మి.మీ. నైలాన్ దారం కొనండి. మీటరున్నర ముక్కను మడిచి, మడతలో చిన్న నూలుగుడ్డ ముక్క తగిలించండి. రెండు కొసలను బ్రీచ్ వైపు నుంచి దూర్చి, ముందు వైపు నుంచి లాగండి. ఈ పని రైఫిల్ కాక్ చేయకుండానే, బ్యారెల్ వంచినంత మేరకే జరగాలి. మొదటి రెండు గుడ్డలు పొడివి, మూడోది ఒక్క చుక్క నూనెతో, చివరి రెండు మళ్ళీ పొడివి. గుడ్డ నల్లగా రావడం ఆగకపోయినా అయిదుతో ఆపేయండి.

దాచిన రైఫిల్ నెల తర్వాత తీస్తే పేల్చేముందు ఒక పొడి గుడ్డ లాగి, లోపలి నూనె తీసేయండి. లేకపోతే మొదటి షాట్ పటాసులా పేలుతుంది. ఆ తర్వాత పడే పది షాట్లు ఎక్కడ పడ్డా సైటు ముట్టుకోకండి. పదకొండో దాని నుంచి లెక్క.